గోడ మీద రెండు గీతలు: గుర్రం చెరువు కింది బస్తీలో వరద నష్టం లెక్క

2020 అక్టోబర్ 24, దసరా ముందు రోజు. హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట అవతల, గుర్రం చెరువు దిగువన ఉన్న ఒక బస్తీలో కిరాయి గది గోడ ముందు టేపు పట్టుకుని నిలబడ్డాను. గోడ మీద రెండు గీతలున్నాయి. కిందిది మోకాలికి కాస్త పైన, నల్లగా, జిడ్డుగా ఉంది. అది నాలా పొంగినప్పటి మురికినీళ్లది. పైది నా ఛాతీ దాకా వచ్చింది, మట్టి రంగు. అది చెరువు కట్ట తెగినప్పటిది. గోరుతో గీకితే పై గీత పొడిగా రాలింది. కింది గీత రాలలేదు, గోడలోకి ఇంకిపోయింది.

"నీళ్లు ఇంట్ల ఎన్ని దినాలున్నయమ్మా?" అని అడిగాను.

"పదమూడో తారీకు రాత్రి వచ్చినయ్ సారూ. పదహారు పొద్దుగాల తీసినయ్. బురద ఎత్తిపోసి, బట్టలు ఉతికి ఆరేసుకున్నం. పదిహేడు రాత్రి మళ్లొచ్చినయ్. ఈసారి నాలుగు దినాలు. మంచం మునిగింది, మగ్గం మునిగింది, ఏం మిగల్లే."

నా చేతిలో ఉన్న ఫారంలో నీటి ఎత్తు రాసేందుకు గడి ఉంది. నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో రాసేందుకు గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే. ముప్పై ఏళ్లు రెవెన్యూలో చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ని. తుపాను నష్టాలకు, కరవు మండలాలకు పంచనామాలు రాసిన అనుభవం ఉంది కదా అని బస్తీ కమిటీ వాళ్లు పిలిస్తే, మరో ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇల్లిల్లూ తిరిగి నష్టం రాసి అధికారులకు ఇవ్వాలని మా ప్రయత్నం. పల్లెల్లో పంట నష్టం రాసిన అలవాటుతోనే పట్నంలో ఇంటి నష్టం రాయబోయాను. పొరపాటు అక్కడే జరిగింది.

ఆ వారం సంగతి హైదరాబాద్ వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటి ఇటు మళ్లింది. ఆ రోజు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన పడింది. పల్లె చెరువు, అప్ప చెరువు నీళ్లు కాలనీల మీద పడ్డాయి. 17 రాత్రి మళ్లీ కుంభవృష్టి కురిసి గుర్రం చెరువు కట్ట తెగింది. రాష్ట్ర ప్రభుత్వం నష్టం 5,000 కోట్లకు పైనే అని అంచనా వేసి, తక్షణ సాయంగా 1,350 కోట్లు ఇవ్వాలని ప్రధానికి లేఖ రాసింది. అందులో 600 కోట్లు రైతులకు, 750 కోట్లు హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ) పరిధికి. 19న అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు వరద ముంచిన ప్రతి ఇంటికీ 10,000 రూపాయలు ప్రకటించారు, మరునాటి నుంచే పంపిణీ మొదలైంది. 22న కేంద్ర బృందం వచ్చింది.

ఢిల్లీ డబ్బు ఏ దారిన వస్తుంది

"కేంద్రం ఇచ్చింది", "ఇవ్వలేదు" అన్న వాదన ఆ రోజుల్లో ప్రతి ఛాయ్ హోటల్లోనూ నడిచింది. రెండు మాటలూ ఎందుకు పుడతాయో తెలియాలంటే డబ్బు ప్రయాణం తెలియాలి.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు సహాయ నిధి ఉంటుంది. అందరూ ఎస్‌డీఆర్ఎఫ్ అనేది దాన్నే. మనలాంటి రాష్ట్రాల్లో అందులో 75 శాతం కేంద్రం వాటా, 25 శాతం రాష్ట్రం వాటా. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్రం 90 శాతం ఇస్తుంది. ఈ డబ్బు విపత్తు వచ్చాక పుట్టేది కాదు. ఆర్థిక సంఘం లెక్క ప్రకారం ఏటా విడతలుగా వస్తూనే ఉంటుంది. వరద రాగానే రాష్ట్రం ముందు దీన్నే ఖర్చుపెట్టాలి.

ఇది చాలనంత పెద్ద విపత్తు అయితే జాతీయ నిధి తలుపు తట్టాలి. దాని పేరు కూడా ఎన్డీఆర్ఎఫే. పడవలేసుకుని వచ్చే నారింజ రంగు దుస్తుల బలగం పేరూ అదే కావడంతో జనం రెంటినీ కలిపేస్తారు. బలగం వేరు, నిధి వేరు. నిధి కావాలంటే రాష్ట్రం మెమొరాండం పంపాలి. అంశాలవారీగా నష్టం లెక్క కట్టిన దస్తావేజు అది. కేంద్ర శాఖల బృందం వచ్చి చూసి నివేదిక ఇస్తుంది. హోం కార్యదర్శి నేతృత్వంలోని ఉపసంఘం దాన్ని పరిశీలిస్తుంది. హోం మంత్రి అధ్యక్షతన ఉన్న ఉన్నతస్థాయి కమిటీ మొత్తాన్ని ఖరారు చేస్తుంది. అలా ఖరారైన మొత్తంలోంచి కూడా, ఆ ఏడు ఏప్రిల్ 1 నాటికి రాష్ట్ర నిధిలో ఉన్న నిల్వలో సగం మినహాయిస్తారు. ఢిల్లీలో ప్రకటించిన అంకె ఒకటి, ఇక్కడి ఖజానాలో పడిన అంకె మరొకటి అవడానికి చాలాసార్లు ఈ మినహాయింపే కారణం. ఇటువాళ్లు ఒక అంకె చెబుతారు, అటువాళ్లు ఇంకో అంకె చెబుతారు. ఇద్దరి దగ్గరా కాగితం ఉంటుంది.

అసలు మెలిక ఇంకా ముందే ఉంది. మెమొరాండంలో "మా ఊరికి ఇన్ని కోట్ల నష్టం" అని రాస్తే ఆ మొత్తం రాదు. కేంద్ర హోం శాఖ దగ్గర ఒక రేట్ల పట్టిక ఉంది. ఏ వస్తువు పోతే ఎంత, ఏ షరతు మీద అన్నది అందులో ఉంటుంది. కేంద్రం దీన్ని ఉపశమనం అంటుంది, పరిహారం అనదు. పోయినదానికి ధర కట్టడం దాని ఉద్దేశం కాదు, తిరిగి నిలబడేందుకు చెయ్యి అందించడమే. 2020లో అమల్లో ఉన్నవి 2015 నాటి రేట్లు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 95,100. పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే 5,200. రాష్ట్ర రహదారి దెబ్బతింటే మరమ్మతుకు కిలోమీటరుకు లక్ష. ఆ డబ్బుతో రోడ్డు ఎంతవరకు బాగవుతుందో కాంట్రాక్టర్లను అడిగితే చెబుతారు. వేల కోట్ల అంచనాకూ వందల కోట్ల సాయానికీ మధ్య ఉన్న అగాధం ఎక్కువగా ఈ పట్టికలోనే ఉంది.

ఆ బస్తీకి సంబంధించిన వరస ఇదీ: ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా కూలినా, లేదా రెండు రోజులకు మించి తీవ్రంగా నీట మునిగి ఉన్నా, కుటుంబానికి బట్టలకు 1,800, వంటపాత్రలు, ఇంటి సామానుకు 2,000.

రెండు రోజులకు మించి. నా ఫారంలో లేని గడి అదే.

మొదటి విడత ఎక్కడ తప్పింది

అప్పటికి మేం రెండు వీధులు పూర్తిచేసి ఉన్నాం. రాత్రి కమిటీ హాల్లో ఫారాలన్నీ ముందేసుకుని కూర్చుని, రేట్ల పట్టిక పక్కన పెట్టి ఒక్కొక్కటే చూశాను. చూసేకొద్దీ గుండె జారిపోయింది.

"ఫ్రిజ్, కూలర్, బియ్యం, పుస్తకాలు, సుమారు 60 వేలు" అని రాసుకొచ్చాం. ఆ 60 వేలకు పట్టికలో చోటే లేదు. పట్టిక అడిగేది ఎన్ని కుటుంబాలు, ఎన్ని ఇళ్లు, ఎంత శాతం, ఎన్ని రోజులు అనే. మనిషి కష్టాన్ని రూపాయల్లో రాయడం గౌరవమని నేను అనుకున్నాను. కానీ లెక్కకు అక్కరకొచ్చేది యూనిట్ల సంఖ్యే.

రెండో తప్పు దీనికన్నా పెద్దది. డోర్ నంబరుకు ఒక ఫారం చొప్పున నింపాం. పల్లెలో ఇల్లు, కుటుంబం దాదాపు ఒకటే. పాతబస్తీలో ఒక డోర్ నంబరు కింద మూడు, నాలుగు వంటిళ్లుంటాయి. ఇంటి పన్ను ఓనరు పేరు మీద ఉంటుంది, ఓనరు ఇంకెక్కడో ఉంటాడు, మునిగిపోయింది కిరాయిదారు. పట్టికను జాగ్రత్తగా చదివితే, ఇంటి మరమ్మతు డబ్బు ఇంటికి, బట్టలు, పాత్రల డబ్బు కుటుంబానికి. గోడ మీద రెండు గీతలున్న ఆ ఇంటినే తీసుకోండి. కింది అంతస్తులో మూడు కుటుంబాలు. సరిగ్గా రాస్తే మూడు కుటుంబాలకు 3,800 చొప్పున 11,400, వంటింటి వెనక గోడ కూలింది కాబట్టి ఇంటికి 5,200, వెరసి 16,600 రూపాయల అర్హత. మేం రాసిన పద్ధతిలో, ఆ రోజుల షరతు కూడా దాటితేనే 9,000. రోజులు రాయలేదు కాబట్టి 5,200 మాత్రమే. కలం తేడాతో ఒక్క ఇంట్లోనే 11,400 మాయమైంది.

మూడోది మగ్గం. ఆ అమ్మ పేరు చెప్పను. సిద్దిపేట వైపు నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడే ఉంటోంది, జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. నేను వెళ్లేసరికి చట్రం కర్రలు నాని ఉబ్బి, చీలలు బిగుసుకుపోయి, విప్పడానికి కూడా రావడం లేదు. జరీ రీళ్లు నల్లబడ్డాయి. పూసలు, కుందన్లు వేసుకునే స్టీలు డబ్బాలో బురద గడ్డకట్టి ఉంటే చెంచాతో తవ్వి తీసి, పళ్లెంలో నీళ్లు పోసి ఒక్కొక్కటే కడుగుతోంది. పక్కన నులకమంచం మీద ఆరు పెళ్లి జాకెట్ల గుడ్డలు, రంగు ఒకదాని మీదికి ఒకటి దిగి ఉన్నాయి.

"ఇవి నావి గావు సారూ, గిరాకోళ్లయి. వాళ్లకు ఏం జెప్పాలె?"

ఆ ప్రశ్నకు పట్టికలో జవాబు లేదు. కానీ ఆమెకు పట్టికలో చోటు లేకపోలేదు. చేతివృత్తి వాళ్లకు పనిముట్లు పాడైతే 4,100, ముడిసరుకు గానీ తయారైన సరుకు గానీ పాడైతే మరో 4,100 అని వరస ఉంది. నష్టం నిజమేనని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. నిబంధన రాసినవాళ్ల మనసులో చేనేత గ్రామం ఉండి ఉండొచ్చు, అందుకే పట్నంలో ఇలాంటి వాళ్లను ఎవరూ ఆ వరసలో వెతకరు. నేనూ వెతకలేదు. ఆ బస్తీలో మగ్గం, కార్చోబ్ (చట్రం మీద జరీ కుట్టుపని), లక్క గాజుల పనివాళ్లు ఇంటికొకరు ఉన్నా మా ఫారంలో "వృత్తి" అన్న గడి లేదు.

రెండో విడత

దసరా మర్నాటి నుంచి మళ్లీ మొదటి ఇంటి దగ్గరికి వెళ్లాం. కొందరు విసుక్కున్నారు, అది వాళ్ల హక్కు. ఎంతమంది వచ్చి రాసుకుపోయారో వాళ్లకే తెలుసు.

రోజుల లెక్క ఎలా నిరూపించాలన్నది అసలు పని. నోటిమాట సరిపోదు. అడిగిన ప్రతివాళ్లూ "వారం" అంటారు, వాళ్ల అనుభవంలో అది వారమే. అందుకని వేరే సాక్ష్యాలు పోగేశాం. కరెంటు లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు ఆపాడో, వీధిలో నీళ్లు తీశాక ఎప్పుడు మళ్లీ వేశాడో అతని డైరీలో ఉంది. మసీదు వాళ్లు, గుడి కమిటీ వాళ్లు పడవ మీద అన్నం పొట్లాలు పంచినప్పుడు రాసుకున్న చిట్టీల్లో వీధి, తేదీ ఉన్నాయి. పిల్లల ఫోన్లలో ఫొటోలున్నాయి. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు తేదీ మారిపోతుంది, తీసిన ఫోన్లోని అసలు ఫొటో వివరాల్లో తేదీ, గంట ఉంటాయి. ఇది మాకు నేర్పింది తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల. అక్కడి నుంచి ఆ వీధి ఫొటోల పని ఆమెకే అప్పగించాం.

గోడ గీతల్ని కూడా వాడుకున్నాం. టేపు పక్కన పెట్టి, ఆ రోజు దినపత్రిక మొదటి పేజీ కనిపించేలా పట్టుకుని ఫొటో తీశాం. రెండు గీతలు రెండు వేర్వేరు మునకలకు సాక్ష్యం. 13 నుంచి 16 దాకా ఒకటి, 17 నుంచి 21 దాకా ఇంకొకటి. దేనికది విడిగా చూసినా రెండు రోజుల షరతు దాటుతుంది. రెంటినీ కలిపి "ఎనిమిది రోజులు" అని రాద్దామని మావాళ్లలో ఒకరు అన్నారు. వద్దన్నాను. మధ్యలో నీళ్లు తీసిన సంగతి తనిఖీకి వచ్చినవాడికి ఏ ఇంట్లో అడిగినా తెలుస్తుంది. ఒక్క గడిలో అబద్ధం దొరికితే మిగతా గడులన్నీ కొట్టేస్తారు.

నవంబర్ మొదటి వారానికి జాబితా పూర్తయింది. కుటుంబానికి ఒక వరస, ఇంటికి ఒక వరస, వృత్తికి ఒక వరస. రెండు ప్రతులు తీసి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. తీసుకున్నారు గానీ తేదీ వేసి ముద్ర కొట్టి ఇవ్వమంటే "తర్వాత రండి" అన్నారు. తర్వాత వెళ్తే పైకి పోవాల్సిన లెక్క అప్పటికే పోయిందన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు మా ప్రతి కనిపించలేదు. ముప్పై ఏళ్లు అదే శాఖ బల్ల అవతల కూర్చున్నవాణ్ని, ముద్ర లేకుండా కాగితం చేతులు మారనివ్వకూడదని నాకన్నా ఎవరికి తెలియాలి. ఆ రోజు ఒప్పుకుని వెనక్కి రావడం నా తప్పే.

మగ్గం అమ్మకు చేతివృత్తి వరసలో 8,200 రాలేదు. ధ్రువపత్రం తెచ్చుకుంది, దాన్ని తీసుకునే బల్ల దొరకలేదు. రాష్ట్రం ఇచ్చిన 10,000 విషయంలోనూ మొదట తప్పిపోయింది. నగదు పంచేవాళ్లు వచ్చిన రోజు ఆమె అక్క ఇంట్లో ఉంది, తలుపు తీసినవాళ్లకు ఇచ్చి వెళ్లారు. నవంబర్‌లో మీసేవ ముందు క్యూ కట్టి దరఖాస్తు పెట్టింది. 18న జీహెచ్ఎంసీ ఎన్నికల నియమావళి వల్ల రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీ ఆపింది. ఎన్నికలు అయ్యాక, డిసెంబర్‌లో, ఆమె ఖాతాలో పడ్డాయి. ఆ డబ్బుతో ముందు ఆరుగురు గిరాకోళ్లలో ఇద్దరికి గుడ్డ కొనిచ్చింది.

ఆ 10,000 గురించి నా అభిప్రాయం చెప్పాలి. చేతికి నగదు ఇవ్వడాన్ని చాలామంది తప్పుపట్టారు. నేను పట్టను. పొయ్యి మునిగిన ఇంటికి పంచనామా పూర్తయ్యేదాకా ఆగమనడం అన్యాయం. కానీ అప్పటి పట్టిక ఒప్పుకున్నది 3,800 మాత్రమే. దాని మీద ఇచ్చే ప్రతి రూపాయీ రాష్ట్రం సొంత ఖాతాలోదే. ఆ 3,800 అయినా జాతీయ లెక్కలో చూపాలంటే ఏ కుటుంబం, ఎన్ని రోజుల మునక అన్నది ఉండాలి. ఖజానా నియమం టీఆర్-27 కింద ముందుగా డబ్బు డ్రా చేసి, తర్వాత వోచర్లు సర్దే గుమస్తా చేతిలో పేరు, ఆధార్, సంతకం ఉంటే ఆడిట్‌కు సరిపోతుంది, మెమొరాండానికి సరిపోదు. నగదు ఇచ్చిన చీటీ మీదే మరో రెండు గళ్లు ఉండి ఉంటే, ఇచ్చిన నిమిషంలోనే రెండు పనులూ అయ్యేవి.

2024లో మళ్లీ

2024 ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన వానలకు మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు, అక్కడి కుర్రాళ్లు ఇద్దరు ఫోన్ చేసి ఫారం పంపమన్నారు. మలక్‌పేటలోని మా ఇంటి నుంచే సవరించిన ఫారం పంపి, రాత్రి పదకొండు దాకా ఫోన్లో ఒక్కో గడీ వివరించాను. రేట్లు అప్పటికి పెరిగాయి. 2022లో వచ్చిన నిబంధనల్లో బట్టలకు 2,500, పాత్రలకు 2,500, పూర్తిగా కూలిన ఇంటికి లక్షా 20 వేలు, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, చేతివృత్తి వాళ్లకు పనిముట్లకు 5,000, సరుకుకు 5,000. రెండు రోజుల షరతు అలాగే ఉంది.

రాష్ట్రం ఆ వరద నష్టాన్ని 10 వేల కోట్లకు పైగా చూపింది. అక్టోబర్ 1న కేంద్రం 14 రాష్ట్రాలకు 5,858.60 కోట్లు విడుదల చేసింది. అందులో తెలంగాణకు 416.80 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు. ఇది రాష్ట్ర నిధిలో కేంద్ర వాటా, జాతీయ నిధి నుంచి ముందస్తు కలిపి. 2025 ఫిబ్రవరి 19న ఉన్నతస్థాయి కమిటీ ఐదు రాష్ట్రాలకు అదనంగా 1,554.99 కోట్లు ఖరారు చేసింది. తెలంగాణకు 231.75 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 608.08 కోట్లు. వరదకూ ఈ ఖరారుకూ మధ్య ఐదున్నర నెలలు. ఆ మధ్యకాలం జనం అప్పు మీద బతుకుతారు. హైదరాబాద్‌లో మేం చూసింది కూడా అదే: బంగారం కుదువ, ఫైనాన్స్ వడ్డీ, చిట్టీ పాడుకోవడం.

పునర్నిర్మాణం గురించి కూడా ఒక మాట. చాలాకాలం కేంద్ర సాయం తక్షణ ఉపశమనంతోనే ఆగిపోయేది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిర్వహణకు 1,60,153 కోట్లు సూచిస్తూ దాన్ని విడగొట్టింది: 40 శాతం ఉపశమనానికి, 30 శాతం పునరుద్ధరణ, పునర్నిర్మాణానికి, 10 శాతం సన్నద్ధతకు, 20 శాతం ముప్పు తగ్గించే పనులకు. పెద్ద నగరాల వరద ముప్పు తగ్గించేందుకు సూచించిన 2,500 కోట్లలో హైదరాబాద్ పేరున 250 కోట్లు ఉన్నాయి. నాలాల అభివృద్ధి మొదటి దశకే రాష్ట్రం దాదాపు 985 కోట్లతో పనులు చేపట్టిందంటే, ఆ 250 ఎంతో అర్థమవుతుంది. అయినా చిన్నది కాదు. ఈ పునర్నిర్మాణ డబ్బుకు కూడా విపత్తు తర్వాతి అవసరాల అంచనా నివేదిక కావాలి. అది నింపాల్సింది మళ్లీ ఇల్లిల్లూ తిరిగి రాసిన కాగితాలతోనే.

ఇప్పుడు మా ఫారం ఒక్క పేజీ. డోర్ నంబరు కింద "వంటిళ్లు ఎన్ని" అని మొదటి గడి, ఒక్కో వంటింటికి విడి వరస. ఓనరా కిరాయా అని రాస్తాం, కానీ కిరాయిదారుకు ఓనరు సంతకం అడగం. వృత్తి, పాడైన పనిముట్లు, సరుకు. గోడకు ఎన్ని గీతలు, ఒక్కోటి ఎంత ఎత్తు. రూపాయల అంచనా గడి తీసేశాం. కింద అందినట్టు ముద్ర, తేదీ కోసం ఖాళీ చదరం, అది నిండితేనే ప్రతి ఇస్తాం.

మొన్న ఎండాకాలం మగ్గం అమ్మను చూడ్డానికి వెళ్లాను. కొత్త చట్రం గోడకు ఆనించి ఉంది. ఓనరు ఇల్లంతా సున్నం వేయించాడు. తలుపు పక్కన జానెడు మేర మాత్రం వేయనివ్వలేదట. ఆ జానెడు జాగాలో రెండు గీతలూ అలాగే ఉన్నాయి, వాటి పక్కన పెన్సిల్‌తో నాలుగు తేదీలు: 13, 16, 17, 21.